రెండు గీతల మధ్య మా సందు

మా వదినని ఏది అడిగినా ముందు ఒక గుండ్రం గీస్తుంది. ఒకసారి నాకు పన్ను నొప్పి వచ్చింది. బుగ్గ ఉబ్బి, దవడకి తుండు కట్టుకుని, మంచి పళ్ళ డాక్టరు ఎవరు వదినా అని అడిగాను. మామూలు మనిషైతే ఫలానా వీధిలో ఫలానా ఆయన అని చెప్పి పంపించేస్తుంది. ఆవిడ లాప్‌టాప్ తెరిచింది.

"నడిచి వెళ్తావా, బండి మీద వెళ్తావా?" అంది.

"పాక్కుంటూ వెళ్తాను, ముందు పేరు చెప్పు," అన్నాను.

"అలా కాదు మరదలా. నడిచే దూరమైతే ఒక బఫర్, బండి దూరమైతే ఇంకో బఫర్."

బఫర్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. మ్యాపు మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్క చుట్టూ ఇంత దూరం అని చెబితే కంప్యూటరు ఒక చక్రం గీసిపెడుతుంది. చక్రం లోపల పడినవి దగ్గర, బయట పడినవి దూరం. ఈ ముక్క తెలుసుకోవడానికి ఆవిడ ఏళ్ళ తరబడి చదివింది. నా పన్ను మాత్రం ఆ చక్రం పూర్తయ్యేలోపు ఇంకో చుట్టు వాచింది.

నీటి సరఫరా ఆఫీసులో మ్యాపుల గది ఆవిడది. ఎక్కడ పైపు పగిలినా, దానివల్ల ఎన్ని ఇళ్ళకి నీళ్ళు ఆగిపోతాయో టీ చల్లారేలోపు చెప్పేస్తుంది. ఏ ఇంటి చుక్క ఏ వార్డులో పడిందో, ఏ వార్డుకి ఏ ట్యాంకు దగ్గరో, అన్నీ ఆ తెర మీదే. అందుకని ఆఫీసులో అందరూ ఆవిడని వెనకాల బఫరమ్మ అంటారు. ముందర కూడా అంటారు, కాకపోతే గొంతు తగ్గించి అంటారు.

ఆ పేరు పెట్టింది ఆవిడ పక్క సీటాయన. ఊరికే పెట్టలేదు, కడుపు మండి పెట్టాడు. ఆయనకి మా వదిన అంతకు ముందే సముద్రం అని పేరు పెట్టింది. పాపం ఆయన ఒకసారి అడ్డం అంకెని నిలువు గడిలోనూ, నిలువు అంకెని అడ్డం గడిలోనూ వేశాడట. ఊళ్ళో ఉన్న నీళ్ళ ట్యాంకులన్నీ వెళ్ళి సముద్రం మధ్యలో పడ్డాయి. మ్యాపులో లెండి. ఆ రోజు నుంచి ఆయన కొత్త చొక్కా వేసుకొచ్చినా సముద్రమే, సెలవు పెట్టినా సముద్రమే. తప్పు చేసినవాళ్ళని మా వదిన తొందరగా వదలదు. ఎందుకంటే తాను ఎప్పుడూ తప్పు చెయ్యదు. చెయ్యదని ఆవిడే మాకు చెప్పింది.

పెళ్ళైన కొత్తలో అద్దె ఇల్లు కూడా ఇలాగే వెతికింది. నీళ్ళు బాగా వచ్చే చోట్లు ఒక పొర, వానకి మునగని చోట్లు ఒక పొర, ఆఫీసుకి తొందరగా చేరగలిగే చోట్లు ఇంకో పొర. గాజు పలకల మీద రంగులు పూసి ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు పెట్టింది. అన్ని రంగులూ కలిసిన చోట ఇల్లు చూసుకోవాలన్నమాట. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ పొరల్లో ఆవిడ పుట్టిల్లు ఒకటి, అత్తిల్లు ఒకటి. రెండింటికీ సమానమైన దూరంలో ఉండాలని షరతు పెట్టిందట. మా అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు కదా, వచ్చి అమ్మకి అదేదో ఘనకార్యంలా చెప్పేశాడు.

వాళ్ళు అటు వెళ్ళగానే అమ్మ నా వైపు తిరిగింది. "కోడళ్ళు అత్తల్ని దూరం పెట్టడం లోకంలో ఉన్నదే. కొలిచి మరీ పెట్టడం ఇదే చూస్తున్నా."

"సమానమైన దూరం అంటే సమానంగా దగ్గరని కూడా కదమ్మా," అన్నాను.

"నువ్వు రంగులు కలుపుకో," అంది అమ్మ.

నేను చేసేది నిజంగానే రంగులు కలిపే పని. మా ఇల్లు ఒక సన్నటి సందులో ఉంది. సందుకి ఒక పక్క ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గోడౌను గోడ. రెండో పక్క వరసగా ఆరిళ్ళు, ఇళ్ళ వెనక మురుగుకాలవ. మా ముందు గదిలో నా రంగుల కొట్టు. ఒక గుడ్డ ముక్క తెచ్చి దీనికి సరిపోయే రంగు కావాలంటే కలిపి అద్దిస్తాను. వెలిసిపోయిన దుప్పట్లు, నాటకాలవాళ్ళ తెరలు, బడిపిల్లల డాన్సు బట్టలు, అన్నీ వస్తాయి. నా చేతులు ఒక్క పూట కూడా చేతుల రంగులో ఉండవు.

రంగు అద్దడం ఎవరైనా అద్దుతారు. జాడించడంలోనే ఉంది పనంతా. అద్దిన గుడ్డని నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి, లేకపోతే మొదటి చెమటకే రంగు ఒంటికి అంటుకుంటుంది. కనుక నా కొట్టుకి ఆధారం రంగు డబ్బాలు కాదు, పెరట్లోని కుళాయి. ఆ కుళాయి ఆగితే కొట్టు ఆగుతుంది. నాకు వేరే పని రాదు, వచ్చినా చెయ్యను. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఈ రంగుల దగ్గరే వదినకీ నాకూ ఎప్పుడూ తగువు. ఎంత బాగా మ్యాపు గీస్తుందో అంత ఘోరంగా రంగులు వేస్తుంది. ముఖ్యంగా నీళ్ళు అందే ఇళ్ళకి ఒక ఆకుపచ్చ వేస్తుంది, అచ్చం బావి గట్టు మీది పాచి. మార్చు వదినా, చూస్తే వికారంగా ఉంది అంటే, "కంటికి తేడా తెలిస్తే చాలు, కట్టుకుంటామా ఏమన్నా," అంటుంది.

ఇక వాళ్ళ పెళ్ళి సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా అన్నయ్యది కూడా ఆ ఆఫీసే. ఆవిడ కుర్చీలో కూర్చుని ఆకాశం నుంచి తీసిన ఫొటో మీద గీతలు గీస్తే, ఇతను కర్రకి తగిలించిన యంత్రం పట్టుకుని ఎండలో నడుస్తూ కొలతలు తెస్తాడు. వాళ్ళకి పెళ్ళి కాకముందు, పక్కపక్క వార్డులు రెండు ఇద్దరికీ చెరొకటి ఇచ్చారు. ఎవరి వార్డు హద్దు వాళ్ళు గీశారు. రెండు మ్యాపులూ పక్కన పెడితే అంచులు కలవలేదు. మధ్యలో సన్నగా, పొడుగ్గా ఒక ఖాళీ. నీ గీత తప్పంటే నీ గీత తప్పని మొదలుపెట్టారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. ఆఫీసులో జనం పని మానేసి వినేవారట. విసిగిపోయిన పెద్ద ఇంజనీరుగారు, వెళ్ళి ఆ చోట నిలబడి తేల్చుకుని రండి అని ఇద్దర్నీ తరిమాడు.

ఆ చోటంటే మా సందే. ఆ రోజు వాళ్ళు చాలాసేపు గోడ దగ్గర నిలబడి వాదించుకున్నారు. మా అమ్మ జాలిపడి ఇద్దరికీ మంచినీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు తాగాక గొంతులు తగ్గాయి. గీత సంగతి తేల్చుకు రమ్మని పంపితే పెళ్ళి సంగతి తేల్చుకుని వెళ్ళారు. గీత అలాగే ఉండిపోయింది. పాత గొట్టంలోంచి వచ్చే నీళ్ళకి మ్యాపుతో పని లేదు కనుక, ఆ ఖాళీ గురించి మళ్ళీ ఎవరూ తలుచుకోలేదు.

కొత్త గొట్టాలు వేస్తారని తెలిసినప్పుడు సందంతా సంబరపడింది. మా పాత గొట్టం తుప్పు పట్టి, ఎరుపు అద్దినా నీలం అద్దినా గుడ్డకి కొంచెం తన రంగు కూడా కలిపేది. కొత్తది వేసిన వీధిలో పాతది మూసేస్తారు. ఏ ఇంటి ముందు తవ్వాలో పనివాళ్ళు ముందే వచ్చి గోడల మీద ముగ్గుపిండి రంగులో గుర్తులు వేసి వెళ్తున్నారు. ముందు వీధి అయింది, వెనక వీధి అయింది. మా సందు చివర ఉన్న గడియారాల తాతగారు కొట్టు ముందు కుర్చీ వేసుకుని ఎదురుచూశారు. పనివాళ్ళు మా సందు మొదట్లో ఒక్క క్షణం ఆగి, కాగితం చూసుకుని, తిన్నగా వెళ్ళిపోయారు.

నేను నీలం చేతులతోనే పరిగెత్తి మేస్త్రీని ఆపాను. "మా సందు వదిలేశారేం?"

మేస్త్రీ కాగితం చూపించాడు. "ఇక్కడ సందేమీ లేదమ్మా."

"సందు లేకపోతే నువ్విప్పుడు ఎక్కడ నిలబడ్డావు?"

అతను కిందికి చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ కిందికి చూశాడు. "అది నాకు తెలీదమ్మా. మ్యాపులో అయితే లేదు. రెండు వీధుల్లోనూ పని అయిపోగానే పాత లైను మూసేస్తాం. ముందే చెబుతున్నా."

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ బట్టలు మడతపెడుతోంది. ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోయింది. "మ్యాపు ఎవరు వేశారు?" అంది.

ఎవరు వేశారో ఇద్దరికీ తెలుసు.

"మొన్నటిదాకా దూరం పెట్టింది. ఇప్పుడు తుడిపేసింది," అంది అమ్మ. కోపంగా అనలేదు. అదే నాకు బాధ అనిపించింది.

చేతులు కడుక్కోకుండానే ఆఫీసుకి వెళ్ళాను. మూడో అంతస్తులో, ఫ్యాను గిర్రున తిరిగినా గాలి తగలని ఆ గదిలో వదిన ఎవరికో పాఠం చెబుతోంది. గీత చివర పక్క గీత చివరకి అతుక్కోవాలని, సందు వదిలితే కంప్యూటరు క్షమించదని. నన్ను చూసి, "ఏం మరదలా, ఈ రోజు ఆకాశంలా వచ్చావు," అంది.

"మా ఇల్లు ఎక్కడుందో చూపించు," అన్నాను.

నవ్వుతూనే మౌసు కదిపింది. ఊరు దగ్గరికొచ్చింది, వార్డు దగ్గరికొచ్చింది. గోడౌను కనబడింది, కాలవ కనబడింది. అటు పాచి ఆకుపచ్చ చుక్కలు, ఇటు పాచి ఆకుపచ్చ చుక్కలు. మధ్యలో తెల్లగా ఒక చార. ఆ చారలో ఏమీ లేదు.

వదిన ఇంకొంచెం దగ్గరికి తెచ్చింది. ఇంకొంచెం తెచ్చింది. దగ్గరికి తెస్తే లేనిది వస్తుందా? చార లావైందంతే. ఆవిడ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

జరిగింది ఆవిడే చెప్పింది, ముక్కలు ముక్కలుగా. ఊరంతటి మ్యాపూ అతికించినప్పుడు వార్డుకీ వార్డుకీ మధ్య ఇలాంటి సన్నటి ఖాళీలు కొల్లలుగా బయటపడ్డాయట. గీసిన చేతులు వేరు కనుక అది మామూలే. ఆవిడ వాటికి స్లివర్లని పేరు చెప్పింది, పేలికలనరాదూ అన్నాను. పేలికల్ని ఒక్కసారే తీసిపారెయ్యడానికి బటన్ ఉంది. కానీ నొక్కే ముందు ఒక్కొక్కదాన్నీ పెద్దది చేసి కంటితో చూసుకోవాలి, అది ఉత్త గీత తేడానా, లేక అక్కడ నిజంగా మనుషులున్నారా అని. పేలిక పోయాక అందులోని ఇళ్ళ చుక్కలు ఏ వార్డుకీ చెందకుండా మిగిలిపోతాయి. అలాంటి దిక్కులేని చుక్కలు ఊరంతా ఉంటాయట, ఒకే ఇంటికి రెండుసార్లు పెట్టినవీ, ఖాళీ షెడ్లకి పెట్టినవీ. వాటన్నిటితో పాటు మా చుక్కలూ పోయాయి.

ఇంతలో అన్నయ్య వచ్చాడు. తెర చూశాడు, నా చేతులు చూశాడు, అర్థమైంది. అర్థమైన మనిషి నోరు మూసుకోవాలి కదా. "చూశావా, నీ గీత కాలవ దగ్గరే ఆగిపోయింది. నేను అప్పుడే చెప్పాను," అన్నాడు.

ఇంట్లో అమ్మ ముందు మా వదిన అతన్ని మీరు అంటుంది. ఆఫీసులో ఆ మర్యాదలేమీ ఉండవు. "నీ గీత గోడౌను గోడ దగ్గర ఆగలేదూ? సొంత గుమ్మం ముందు కర్ర పట్టుకుని నడుస్తూ సొంత ఇంటిని బయట పెట్టిన సర్వేయరు ఈ భూమ్మీద ఇంకొకడుంటే చూపించు."

"ఇళ్ళు నీ వార్డులోకి వస్తాయనుకున్నాను."

"నేను నీ వార్డులోకి వస్తాయనుకున్నాను."

"మీరిద్దరూ అనుకోండి," అన్నాను. నా గొంతు పక్క గదిలోకి వినబడి ఉంటుంది. "మీ రెండు గీతల మధ్యా రెంటికి చెడ్డ రేవడిలా ఉన్నది నా కుళాయి. అది ఆగితే నేను రేపు గుడ్డలు దేంతో జాడించాలి, మీ వాదనలతోనా?"

ఇద్దరూ ఆగారు. అన్నయ్య తల గోక్కుని ఒక ఉపాయం చెప్పాడు. మా ఆరిళ్ళనీ కొత్తగా కుళాయి కావాలని అడిగినవాళ్ళలా చేర్చేస్తే సరి, మ్యాపులో పొరపాటు జరిగిందని ఎవరికీ తెలియదు. వదిన పేరు చెడదు. ఇందులో చిక్కొక్కటే. కొత్తవాళ్ళ వంతు ఊరంతా పూర్తయ్యాక వస్తుంది. అప్పటికి పాత గొట్టం మూసేసి ఎంతో కాలమవుతుంది.

"అంతవరకు ట్యాంకరు తెప్పిస్తానే," అన్నాడు అన్నయ్య నాతో.

"ట్యాంకరు నీళ్ళు తాగడానికి. జాడించడానికి కాదు. కొట్టు మూసేసుకుంటాను, నువ్వు ఆ ఉపాయం గోడకి అంటించుకో."

"రెండో దారి ఉంది," అంది వదిన. "మ్యాపు తప్పని మీటింగులో చెప్పి, తప్పు దిద్దితే, ఇళ్ళు ఈ విడతలోనే ఉంటాయి." అని తన పక్క సీటు వైపు చూసింది. సముద్రం టీ తాగుతూ ఏమీ విననట్టు కూర్చున్నాడు. విననట్టు కూర్చోవడం ఎంత కష్టమో ఆయన చెవులు చూస్తే తెలుస్తోంది. ఆయన్ని ఇన్నేళ్ళుగా ఆ పేరుతో పిలిచిన మనిషి ఇప్పుడు ఆయన ముందే లేచి నిలబడాలి. నేను వదిననైతే ట్యాంకరే తెప్పించేదాన్నేమో. నిజం చెప్పడానికి నాకేం సిగ్గు.

వదిన నాతో ఒక్క మాటే అంది. "రేపు పొద్దున మీటింగు. సందు తరఫున నువ్వు రా."

మీటింగు గదిలో పొడవాటి బల్ల, గోడ మీద తెర. పెద్ద ఇంజనీరుగారు, గొట్టాల కాంట్రాక్టరు, మ్యాపుల గది వాళ్ళంతా ఉన్నారు. నేను తలుపు పక్కన కూర్చున్నాను. చేతులు ఎంత తోమినా నీలం పూర్తిగా పోలేదు, ఒళ్ళో దాచుకున్నాను. కాంట్రాక్టరు అంతా సవ్యంగా ఉందని చెప్పి కాగితాలు సర్దుకుంటున్నాడు. అప్పుడు వదిన లేచింది. తెర మీద ఆ తెల్ల చార పెట్టింది.

"ఇక్కడ ఆరిళ్ళున్నాయి సార్. మ్యాపులోంచి పోయాయి."

ఇంజనీరుగారు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పోవడమేమిటి? ఎవరు తీసేశారు?"

మా అన్నయ్య కుర్చీ కిర్రుమంది. సగం లేచి, "సార్, అసలు సర్వేలో నా హద్దు..." అన్నాడు. వదిన అతని వైపు చూడకుండానే చెయ్యి చూపించింది. ఆ చేతికి మా అన్నయ్య ఎలా కూర్చున్నాడో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

"నేనే తీసేశాను సార్. మా అత్తగారిల్లు కూడా అందులోనే ఉంది."

గది గొల్లుమంది. కాంట్రాక్టరు అయితే బల్ల చరిచాడు. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే తీరిగ్గా సముద్రం నోరు విప్పాడు. ఎన్నేళ్ళ బాకీయో అది. "నేను ట్యాంకుల్ని సముద్రంలో పడేశాను గానీ మేడమ్, అత్తగారి జోలికి మాత్రం పోలేదు."

మళ్ళీ నవ్వులు. ఇంజనీరుగారు కూడా నవ్వి, "కావాలని చెయ్యలేదు కదమ్మా?" అన్నాడు.

వదిన నవ్వలేదు. "పేలికలన్నీ దగ్గరికి తెచ్చి చూశాను సార్. ఊరు చివర ఎప్పుడూ వెళ్ళని చోట్లు కూడా ఒకటికి రెండుసార్లు చూశాను. ఈ ఒక్కటి చూడలేదు. మా ఇల్లే కదా, నాకు తెలియనిదేముంది అనుకుని నొక్కేశాను."

స్లివర్లు అనలేదు, పేలికలు అంది. నా మాటే. గదిలో నవ్వు దానంతటదే తగ్గిపోయింది. ఎవరి ఇంటి సంగతి వాళ్ళకి గుర్తొచ్చిందేమో నాకు తెలియదు. నాకైతే అమ్మ గుర్తొచ్చింది. రోజూ నాకు కంచం తుడిచి పెట్టే అమ్మ మోకాలు ఎప్పటి నుంచి నొప్పిపెడుతోందో నేను అడిగి చాలా కాలమైంది.

"ఏ వార్డులో కలపాలి?" అన్నాడు ఇంజనీరుగారు.

"తన వార్డులో," అన్నాడు అన్నయ్య.

"నా వార్డులో," అంది వదిన, అదే క్షణంలో. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

అక్కడికక్కడే దిద్దింది. కాలవ దగ్గర ఆగిన తన గీతని పట్టుకుని, గోడౌను గోడ దాకా లాగి, అన్నయ్య గీతకి అతికించింది. చార మూసుకుపోయింది. పాత చుక్కల్ని వెనక్కి తెచ్చింది. ముందు బూడిద రంగులో వచ్చాయి. ఏ చుక్క ఏ వార్డులో పడిందో చూడమని కంప్యూటరుకి చెప్పింది. గడియారాల తాతగారిల్లు ముందు మారింది, తరవాత ఒక్కొక్కటే మారుతూ వచ్చి, చివరన మా ఇల్లు. అదే పాచి ఆకుపచ్చ. ఆ రోజు ఆ రంగు నాకు బాగానే అనిపించింది. ఈ మాట వదినకి మాత్రం ఇంతవరకు చెప్పలేదు.

ఇంటికొచ్చి అమ్మకి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అమ్మ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, "అందరి ముందూ చెప్పిందా?" అంది.

"చెప్పింది."

"నవ్వారా?"

"బాగా నవ్వారు."

"వాడేం చేశాడు?"

"అన్నయ్య తప్పు తనదని లేవబోయాడు. వదిన చేత్తోనే కూర్చోబెట్టింది."

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. "చెయ్యి చూపిస్తే కూర్చున్నాడా వాడు? ఇంత పెంచాను, నా మాటకి ఏనాడూ కూర్చోలేదు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, కుళ్ళు ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

గొట్టం వచ్చింది. గోడల మీద గుర్తులు వేశారు, సందంతా తవ్వారు, తాతగారి కుర్చీ రెండుసార్లు గోతిలో పడింది. పాతది మూసేసే రోజుకి కొత్త కుళాయిలోంచి ముందు గాలి, తరవాత బురద, తరవాత తేట నీళ్ళు వచ్చాయి. నేను బడివాళ్ళ పసుపు గుడ్డలు తెచ్చి కుళాయి కింద పడేశాను. జాడిస్తూంటే గుడ్డ రంగు గుడ్డకే ఉంది, తుప్పు కలవలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా ముఖం కడుక్కున్నాను, నీళ్ళకేం కొదవ.

ఆ సాయంత్రం వదిన, అన్నయ్య వచ్చారు. వదిన చేతిలో చుట్టిన మ్యాపు. సందువాళ్ళంతా మా అరుగు దగ్గరే ఉన్నారు. వదిన మ్యాపు పరిచి, మా సందు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. అమ్మ కళ్ళద్దాలు తెచ్చుకుని వంగి, చాలాసేపు చూసింది.

"ఇదా మన సందు? వెంట్రుకంత ఉంది. ఇది ఎవరికి మాత్రం కనబడుతుంది?" అంది.

వదిన తలెత్తి అమ్మని చూసింది. నేనూ చూశాను.

గడియారాల తాతగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "మనం మ్యాపులోనే లేమట కదమ్మా? మేస్త్రీ చెప్పాడు. ఎవరు తీసేశారట?"

అమ్మ నడుము నిటారుగా చేసింది. "ఎవరో తీసేశారు లెండి. అంత పెద్ద ఆఫీసు, ఎవరో ఒకరు. మా కోడలు కనిపెట్టింది. పెద్దవాళ్ళందరి ముందూ లేచి నిలబడి, ఇక్కడ ఆరిళ్ళున్నాయి అని చెప్పి కలిపించింది. లేకపోతే ఈపాటికి మనం బిందెలు పట్టుకుని వీధులు తిరుగుతుండేవాళ్ళం."

నేను నోరు తెరిచాను. అన్నయ్య నా కాలు తొక్కాడు. కానీ మా వదిన సంగతి తెలుసు కదా, తప్పుడు మ్యాపు చూస్తూ ఊరుకోలేదు.

"లేదండీ తాతగారూ," అంది, "తీసేసింది కూడా నేనే..."

"నువ్వూరుకో అమ్మాయ్," అంది అమ్మ. "మా సందు సంగతి నీకేం తెలుసు?"

వదిన ఊరుకుంది. అమ్మ చెంబు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు పట్టి తెచ్చి ఆవిడ చేతికి ఇచ్చింది.